పడవ మోటారునకు గేరు పడకున్నచో

గోదావరి, మానేరు తీరములందలి రైతునకు పడవ వేడుకవస్తువు కాదు. నది నడుమ కుర్రులలో పొలము గలవారికిని, చేపలు పట్టి జీవించు సోదరులకును అది నాగలివంటి పనిముట్టు. 2022 జూలైలో జగిత్యాల జిల్లా రాయికల్ మండలము బోర్నపల్లి వద్ద కుర్రునకు పనికిపోయిన 9 మంది కూలీలు గోదావరి వరదలో చిక్కుకొనగా, జాతీయ విపత్తు దళమువారు వారిని ఒడ్డు చేర్చిరి. సిరిసిల్ల ప్రాంతమున మానువాడ వద్ద 27.5 టి.ఎం.సి.ల నీరు పట్టు మధ్యమానేరు జలాశయము కలదు. అంతటి నీటిపై గాలి లేచినప్పుడు తెడ్డుతో మాత్రమే ఒడ్డు చేరుట కష్టము. కావున పడవ వెనుక బిగించు పాత మోటారులకు తరచుగా వచ్చు గేరు చిక్కులను గూర్చి కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

1909లో అమెరికాలో ఓలే ఎవిన్రూడు అమ్మకమునకు తెచ్చిన తొలినాటి మోటారులకు గేరు మార్చు మీటయే లేకుండెను. తరువాతివానిలో నీటియడుగు పెట్టెయందు రెండు పండ్లచక్రములు ఎల్లప్పుడును ఒకదానికొకటి ఎదురుగా తిరుగుచుండును. వాని నడుమ పంకా ఇరుసుపై జరుగు దంతపు బిళ్ల యొకటి యుండును. అది ఒక చక్రమును పట్టిన పడవ ముందునకు, రెండవదానిని పట్టిన వెనుకకు పోవును. నడుమ నిలిచిన పంకా తిరుగదు. ట్రాక్టరునకు కాలిక్రింద క్లచ్చి కలదు, దీనికి లేదు. ఈ భేదమును గుర్తెరిగిన సగము చిక్కులు తొలగును.

మీటను మెల్లగా జరుపుట మేలని పలువురు తలంతురు. అది సరికాదు. మెల్లగా జరిపినచో దంతములు గరగరమని రాచుకొని వాని మూలలు అరిగిపోవును. ఇంజను వేగమును పూర్తిగా తగ్గించి, మీటను ఒక్క ఊపున దృఢముగా వేయవలెను. తగ్గించిన వేగమే హెచ్చుగా నున్నచో ముందు దానిని సరిచేయవలెను. ఇంజను ఆగియున్నప్పుడు మాత్రము మీటను బలవంతపెట్టరాదు. దంతముపై దంతము పడి యుండవచ్చును. ప్లగ్గు తీగను ఊడదీసి, పంకాను చేతితో కొంచెము త్రిప్పుచు మీట వేసినచో గేరు తానే పడును.

మీట బిగిసినచో కేబులును మోటారువద్ద విడదీసి చూడవలెను. విడదీసిన పిదపయు మీట బిగువుగనే యున్న దోషము మీటలోనో, త్రుప్పుపట్టిన కేబులులోనో యున్నదని తెలియును. అట్టి కేబులును మార్చుటయే మేలు. మీట తేలికయై, మోటారు వైపు కీలు బిగిసియున్నచో దానిని శుభ్రపరచి గ్రీజు పెట్టవలెను.

గేరు పడి తిరిగి జారిపోవుచున్నచో మొదట కేబులు కొలతను చూడవలెను. మీట నడుమ నున్నప్పుడు పంకా రెండువైపులకును స్వేచ్ఛగా తిరుగవలెను. ముందునకో వెనుకకో వేసినప్పుడు పట్టు తెలియవలెను. కొలత సరిగానుండియు జారుచున్నచో దంతములు అరిగినవని యర్థము. అప్పుడు బిళ్లతోబాటు అరిగిన చక్రమును గూడ మార్చవలెను. లేనిచో క్రొత్తది త్వరలో పాడగును.

ఇంజను మ్రోగుచు గేరు పడియు పడవ కదలకున్నచో వెంటనే పెట్టె విప్పరాదు. చిన్న మోటారులలో పంకా మేకు విరిగి యుండవచ్చును. పెద్దవానిలో పంకా నడిమి రబ్బరు జారుచుండవచ్చును. రబ్బరు లోపలి భాగమునుండి వెలుపలివరకు ఒక గీత గీసి కొంతసేపు నడిపి చూడుడు. గీత తప్పినచో దోషము అక్కడనే యున్నది. చిన్న మేకు విరిగినందుకు పెట్టెయంతయు విప్పించి కూలి యిచ్చుకొనుట యేల?

గేరు నూనెను తప్పక పరీక్షింపవలెను. ముందు క్రింది మరను, పిదప పై మరను విప్పి నూనెను గిన్నెలోనికి దింపుడు. అది పాలవలె నున్న నీరు చేరినదని తెలియును. లోహపు ముక్కలు కనబడిన మోటారును నడుపక పనివానికి చూపవలెను. క్రొత్తనూనెను క్రింది రంధ్రమునుండి పై రంధ్రమున పొంగువరకు నింపి, మరలకు క్రొత్త వాషర్లు వేయవలెను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములందు ట్రాక్టరు గేర్లు బాగుచేయు నేర్పరులు కలరు. పెట్టెను వారిచే విప్పించునప్పుడు గేరు కడ్డీ యెత్తును ముందుగానే కొలిచి వ్రాసికొనుడు. తిరిగి అదే కొలతకు కూర్చకున్న గేరు సరిగా పడదు. బాగైనపిదప మోటారును పొడిగా నడిపి చూడరాదు. నీటిపంపు చక్రము కాలిపోవును. పంకాను తీసి, నీటితొట్టిలో ముంచి నడుపవలెను.

పదిమంది సొత్తునకు పాటుపడువాడు లేడను మాట సంఘపు మోటారునకు చక్కగా తగును. కావున మోటారు బాధ్యతను ఒక సభ్యునికి ఒప్పగించి, నూనె మార్చిన తేదీలను పుస్తకమున వ్రాయించుడు. తొలకరికి ముందే ఈ పరీక్షలన్నియు ముగించుడు. బాగైన మోటారున్నను పడవలో రెండు తెడ్లు, త్రాడు, విడి మేకులు, ఎక్కినవారందరికిని తేలుచొక్కాలు లేనిదే నీటిలోనికి పోరాదని మా మనవి.