కనిపెట్టి కాచుట

మత్తయి సువార్తలోని తుది రెండధ్యాయములలో ఒక చిన్న గ్రీకు క్రియ పలుమారులు ఎదురగును. యేసు వస్త్రములను చీట్లు వేసి పంచుకొని, సిలువ క్రింద కూర్చుండి ఆయనకు కావలియున్న రోమా సైనికుల పనిని తెల్పునది ఆ క్రియయే. మూడవనాటి వేకువను సమాధియొద్ద భయకంపితులై చేష్టలుడిగిన కావలివారికి ఆ క్రియనుండి వచ్చినదే పేరు. తుదకు గలిలయలోని పర్వతముపై, పునరుత్థానుడైన గురువు తాను విధించినదంతయు అనుసరింప సర్వజనులకు నేర్పుడని శిష్యులను సాగనంపినప్పుడు, ఆ అనుసరించుటకును ఆ క్రియయే వాడబడినది. దాని పేరు తేరెఓ. కొత్త నిబంధనయందు ఇది సుమారు 70 మారులు కన్పించును.

జీతమునకై సమాధికి కావలికాయు సిపాయికిని, ప్రేమతో గురువాక్యమును పాటించు శిష్యునికిని హస్తిమశకాంతరముండగా, భాష ఇరువురకును ఒక్క మాటతో సరిపుచ్చుట చదువరికి వింతగా తోచుట సహజము. మూలార్థము నెరిగినచో ఆ వింత కొంత తీరును. తేరెఓ అనగా ముందుగా చూచుట. ఒకదానిపై నిలిపిన చూపును చెదరనీయకుండుట. ఆ చూపుచేతనే దానిని చెడనీయకుండుట. జొన్నచేను కంకి వేసినంతనే మంచెయెక్కి కూర్చుండు మన పల్లెటూరి కావలివాడు, ఒడిసెల చేతబట్టుటకు ముందే చేనంతయు కన్నులతో పట్టియుండును గదా, అట్టిదే ఈ కావలియును.

ఈ క్రియనుండి పుట్టిన తేరేసిస్ అను నామము కథ మరింత రసవంతము. క్రీస్తుశకము 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందు గ్రహగతులను గణించిన టాలమీ, తాను ఆకాశమును పరికించి వ్రాసికొనిన వేధలకు ఈ పేరే పెట్టెను. అనుభవమే ప్రమాణమని వాదించిన ఒక శాఖ వైద్యులు రోగలక్షణములను కనిపెట్టుటకును ఈ పేరే వాడిరి. అపొస్తలుల కార్యములందో, పేతురు యోహానులను పట్టి మరునాటివరకు ఉంచిన యెరూషలేము నిర్బంధమునకును పేరు తేరేసిసే. వేధశాలయు చెరసాలయు ఒక్క మాటలో ఇమిడినవి. కానా పెండ్లిలో మేలైన ద్రాక్షారసమును ఇంతవరకు ఉంచితివేమని విందు పెద్ద పెండ్లికుమారుని మెచ్చుకొనినప్పుడు, ఆ దాచియుంచుటయు తేరెఓయే. ఉపసర్గ చేరి పరతేరెఓ అయినచో చూపు వక్రించును: విశ్రాంతిదినమున యేసు ఎవనినైన స్వస్థపరచునేమో, నేరము మోపుదమని పొంచి చూచినవారిదియు, సౌలును చంపుటకై దమస్కు ద్వారములను రేయింబవళ్లు కాచినవారిదియు ఆ చూపే.

తేరెఓకు తోబుట్టువులు రెండు కలవు. ఫులాస్సో అనునది పాతనిబంధన గ్రీకు అనువాదమున హీబ్రూ క్రియయైన షామర్‌కు తరచుగా నిలుచు మాట. ఏదెను తోటను కాచుటకును, తమ్మునికి నేను కావలివాడనా యని కయీను వేసిన మొండి ప్రశ్నకును అదియే ఆధారము. ఎనిమిదే వచనములుగల 121వ కీర్తనలో ఆ హీబ్రూ ధాతువు ఆరు మారులు వచ్చును. ఫ్రూరెఓ అనునది దండుల మాట, కోటలో సైన్యమునుంచి కాపాడుట. క్రీ.పూ. 42 నాటి యుద్ధానంతరము రోమా మాజీ సైనికులు స్థిరపడిన ఫిలిప్పీ పట్టణమునకు వ్రాయుచు, దేవుని శాంతి మీ హృదయములకు కావలియుండునని చెప్పుటకు పౌలు ఈ మాటనే ఏరుకొనుట యాదృచ్ఛికమని నేను నమ్మజాలను. అట్లని ఈ క్రియల నడుమ గోడలు కట్టుట పండితుల చాపల్యమే యగును. యోహాను 17వ అధ్యాయములోని ప్రార్థనయందు ఒకే వాక్యమున తేరెఓ, ఫులాస్సో రెండును పక్కపక్కనే నడచుచున్నవి.

ఆజ్ఞలను గూర్చి వచ్చునప్పుడు మన తెలుగు బైబిలు తేరెఓను 'గైకొనుట' యనినది. కై యనగా చేయి. గ్రీకుమాటలో కన్ను ఉన్నచోట మనమాటలో చేయి ఉన్నది. ఆజ్ఞను నెరవేర్చుట చేతిపని గనుక అందు తప్పేమియు లేదు; కాని నెరవేర్చుటకు ముందు దానిని విలువగల నిధిగా కనిపెట్టియుండుట యను ఛాయ కొంత మరుగుపడుచున్నది. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో విశ్వాసమును కాపాడుకొంటినని వృద్ధుడైన పౌలు పలుకుట కేవలము మతపరిభాష కాదనియు, నాటి లోకవ్యవహారమున నమ్మినవారియెడ మాట నిలుపుకొనుటయే దాని అర్థమనియు జర్మను పండితుడు డైస్‌మన్ 1908లో ప్రకటించిన గ్రంథమున చూపినాడు. ఎఫెసు నగరపు పెద్దల సభలోని యొకడు అర్తెమి దేవికి కృతజ్ఞత తెలుపుచు చెక్కించిన శాసనమందును అవే పదములు ఉన్నవట.

ఈ క్రియతో మిక్కిలి చతురముగా ఆడుకొనినవాడు మాత్రము యూదా. ఆయన పత్రిక 25 వచనములు మాత్రమే. అందు తేరెఓ అయిదు మారులు వచ్చును. చదువరులను క్రీస్తునందు కాపాడబడినవారని సంబోధించి, తమ స్థానమును కాపాడుకొనని దేవదూతలను దేవుడు చీకటిలో సంకెళ్లతో కాపాడుచున్నాడని అనును. దారితప్పిన నక్షత్రములకై అంధకారము కాపాడబడియున్నదనును. పిదప, దేవుని ప్రేమయందు మిమ్మును మీరు కాపాడుకొనుడని హెచ్చరించును. కాచుకొననివాడు కావలిలో పడుట యను ఈ శ్లేష గ్రీకున చదివినగాని పూర్తిగా రుచింపదు.

ఇట్టి ప్రతిఫలనమే ప్రకటన గ్రంథమున ఫిలదెల్ఫియ సంఘమునకు వ్రాసిన లేఖలోను కలదు: నీవు నా వాక్యమును కాచితివి గనుక శోధనకాలమునుండి నేను నిన్ను కాచెదనని భావము. ఆ 'నుండి' యను విభక్తిపై వివాదము రేగినది. శ్రమ రాకమునుపే భక్తులు కొనిపోబడుదురని కొందరు, శ్రమ నడుమనే కాపాడబడుదురని కొందరు. ఫిలదెల్ఫియ భూకంపముల ఊరు, క్రీ.శ. 17లో తీవ్రముగా దెబ్బతినినది. గోడలు నిత్యము బీటలువారుచుండుటచే జనులు పలువురు పొలములయందే కాపురముండిరని స్ట్రాబో వ్రాసినాడు. ఊరు విడిచి పారిపోక, నేల కదలికను కనిపెట్టుచు బ్రతికినవారికి ఆ లేఖ చేరినది. కొత్త నిబంధనలో ఈ క్రియ ఈ విభక్తితో కూడి మరియొక్కచోటనే వచ్చును. అది యోహాను 17వ అధ్యాయమే. అచట యేసు శిష్యులను లోకమునుండి తీసికొనిపొమ్మని తాను అడుగుటలేదనియు, దుష్టునినుండి కాపాడుమనియే అడుగుచున్నాననియు విడమరచి చెప్పుటచే, రెండవ పక్షమువారి వాదమే బలవత్తరమని నాకు తోచుచున్నది.