వంటగట్టుపై వెలుతురు

పాత ఇంటిని బాగుచేయించ దలచినవారు వంటయింటి విషయములో మొదట ఆలోచించునది గట్టురాయి ఏ రంగుది, గోడపలకలు ఎంత ఎత్తువరకు అంటించవలెను, అలమరలు ఎన్ని అను సంగతులే. దీపము మాట చివరకు వచ్చును. మేస్త్రీ, వడ్రంగి తమ పనులు ముగించుకొని పోయిన తరువాత కరెంటు పనివాడు వచ్చి, "అమ్మా, లైటు ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగును. అప్పటికి మిగిలిన చోటు పైకప్పు నడుమ ఒక్కటే. దీపము అక్కడనే వ్రేలాడును. ఇల్లాలు గట్టువద్ద నిలిచి కూర తరుగుటకు మొదలిడగానే ఆమె నీడయే ఆమె కత్తిమీద పడును.

ఈ నీడ మన ఇండ్లకు కొంత క్రొత్తదే. పూర్వము వంట నేలమీద కూర్చుండి చేసెడివారు. కత్తిపీట కదలని వస్తువు కాదు. దానిని తీసికొని పెరటి గుమ్మము దగ్గరకో, వసారాలోనికో పోయి కూర్చుండవచ్చును. పెంకుటిండ్లలో పొయ్యికి పైగా ఒకటి రెండు గాజుపెంకులు వేయించుట కూడ ఉండెను. పొగ, మసి, నడుము నొప్పి ఆ వంటయింటి కష్టములే గాని, పనిచేయు మనిషి వెలుతురు వెంట పోగలిగెడిది. గోడకు ఆనించి గట్టు కట్టిన తరువాత పని ఒకచోట కుదురుకొన్నది. నిలిచిన మనిషి ముఖము గోడవైపు, వీపు గదివైపు. దీపము గది నడుమ నున్నచో అది వీపు వెనుక నున్నట్లే. వెలుతురే పని దగ్గరకు రావలసిన కాలము ఇది.

ఎంత వెలుతురు చేరుచున్నదో లెక్క కట్టుట కష్టము కాదు. ఒక దీపము నుండి వెలువడు మొత్తము కాంతిని ల్యూమెనులలో కొలుతురు. ఒక చదరపు మీటరుపై ఒక ల్యూమెను పడినచో అది ఒక లక్సు. ఒక మైనపువత్తి ఒక మీటరు దూరములో నున్న కాగితముపై పడవేయు వెలుతురు సుమారు ఒక లక్సు అని గుర్తుంచుకొనవచ్చును. మిట్టమధ్యాహ్నపు టెండ లక్ష లక్సులు. నిండు పున్నమి వెన్నెల లక్సులో నాల్గవవంతునకు మించుట అరుదు. ఈ రెంటి నడుమ కన్ను పనిచేయగలుగుట ఆశ్చర్యకరమే. కాని చూడగలుగుట వేరు, వేళ్ళు తెగకుండ తరుగుట వేరు. తరుగుట, ఏరుట వంటి పనులు జరుగు గట్టుపై 300 నుండి 500 లక్సులు ఉండవలెనని దీపముల ఏర్పాటు తెలిసినవారు సాధారణముగ చెప్పుదురు.

ఇప్పుడు ఇండ్లలో వాడు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు సుమారు 900 ల్యూమెనులిచ్చును. అది అన్ని దిక్కులకు సమానముగ ప్రసరించునని అనుకొన్నచో, 900ను 4పై చేత భాగింపగా ఒక్కొక్క దిక్కున దాని తీవ్రత 72 కాండెలాలు. బల్బు గట్టుకంటె 1.9 మీటర్ల ఎత్తున నున్నదనుకొందము. దూరము యొక్క వర్గముతో భాగించిన, సరిగా దీపము క్రింద 20 లక్సులు మాత్రమే వచ్చును. కాని గట్టు దీపము క్రింద లేదు, ప్రక్కకు 1.2 మీటర్ల దూరమున నున్నది. అక్కడకు కాంతి ఏటవాలుగా చేరును. ఏటవాలు కిరణములు ఎక్కువ చోటున పరచుకొనును గనుక, లంబముతో అవి చేయు కోణపు కొసైనుతో గుణింపవలెను. జొహాన్ లాంబర్ట్ 1760లో ప్రకటించిన తన కాంతిశాస్త్ర గ్రంథములో వివరించిన సూత్రమిది. గుణించి చూచిన మిగులునది 12 లక్సులు. నిజమైన బల్బు క్రిందివైపునకు కొంత ఎక్కువ కాంతి నిచ్చును గనుక ఈ అంకెలు కొంచెము పెరుగవచ్చును గాని పరిస్థితి మారదు. ఆ పండ్రెండు లక్సులకు కూడ నడుమ మనిషి వీపు అడ్డము.

అదే బల్బును గోడ అలమర అడుగున, గట్టుకు అర మీటరు ఎత్తున బిగించి చూడుడు. 72ను 0.25 చేత భాగింపగా 288 లక్సులు! కరెంటు ఖర్చు ఒక్క పైస పెరుగలేదు. చోటు మారినది, వెలుతురు 24 రెట్లయినది.

ఈ సూత్రమును తరగతిలో చూపుటకు ఖరీదైన పరికర మక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దములో జర్మను శాస్త్రజ్ఞుడు బున్సెన్ ఉపయోగించిన ఉపాయము చాలును. తెల్ల కాగితము నడుమ ఒక చుక్క నూనె వేసి ఆరనీయవలెను. వెనుకనుండి ఎక్కువ వెలుతురు పడినప్పుడు ఆ మచ్చ చుట్టునున్న కాగితముకంటె తెల్లగాను, ముందునుండి ఎక్కువ పడినప్పుడు నల్లగాను కనబడును. రెండువైపుల వెలుతురు సమానమైనచో మచ్చ ఇంచుమించు మాయమగును. చీకటి గదిలో కాగితమునకు ఒకవైపున అర మీటరు దూరములో ఒక క్రొవ్వొత్తిని, రెండవవైపున ప్రక్కప్రక్కన నాలుగు క్రొవ్వొత్తులను పెట్టి, మచ్చ మాయమగువరకు ఆ నాలుగింటిని వెనుకకు జరుపవలెను. ఒక మీటరు దగ్గర అది జరుగును. దూరము రెట్టింపైన చోట నాలుగు వత్తులు ఒక వత్తి పనియే చేసినవని పిల్లలు కన్నులార చూతురు. సెల్‌ఫోనులలో లక్సులు చూపు సాధనములున్నవి. వాని అంకెలు అంత నమ్మదగినవి కాకపోయినను, ఒకే గదిలో ఒక చోటిని మరియొక చోటితో పోల్చుటకు పనికివచ్చును.

దీపము నుండి నేరుగా వచ్చు కాంతి ఒక పాలు మాత్రమే. గోడలు, కప్పు తమపై పడినదానిని తిరిగి పంపును. గది గోడలన్నియు కాంతిలో పదింట ఏడు పాళ్ళు తిరిగి పంపునవే అనుకొన్నచో, మొదటిసారి 1, పిదప 0.7, పిదప 0.49, ఇట్లు పోవును. ఇది గుణశ్రేఢి. దీని మొత్తము 1ని 0.3 చేత భాగింపగా వచ్చు 3.33. మసి పట్టి మూడు పాళ్ళే తిరిగి పంపు గోడలైనచో మొత్తము 1.43 మాత్రమే. కిటికీలు, తలుపులు ఉన్న నిజమైన గదిలో లెక్క ఇంత సూటిగా రాకపోయినను, మసిగోడకు తెల్లసున్నము వేయించుట రెండవ దీపము పెట్టించుటతో సమానమని దీనివలన తెలియును. పూర్వము పండుగకు ముందు వంటయింటికి సున్నము వేయుటలో శుభ్రతతోపాటు ఈ లాభము కూడ ఉండెను.

గట్టురాయి ఎన్నికలో దీనికి విరుద్ధముగ జరుగుచున్నది. కడపరాయి నలుపు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరకి దేశదేశములకు పోవు గెలాక్సీ గ్రానైటు నల్లనిదే. దానిలో మెరయు చుక్కలు అందము. మరక కనబడదని అందరును నల్లరాయి కోరుదురు. మరక కనబడకపోవుట గుణమెట్లగునో ఆలోచింపవలసినది. చీమలబారు, ఒలికిన నీరు, నల్ల పిడిగల కత్తి కూడ దానిపై కనబడవు. అది తనపై పడిన కాంతిలో చాలవరకు త్రాగివేయును. పైగా నునుపు పెట్టిన రాయి అద్దమువలె దీపము ప్రతిబింబమును కంటిలోనికి కొట్టును. నల్లరాయియే కావలెనన్నచో తరుగుటకు లేతరంగు పలకను వాడి, దీపమునకు పాలగాజువంటి మూత వేయించుట మేలు. పొడవైన దీపముతో మరియొక లాభమున్నది. సూర్యగ్రహణ పాఠములో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ అని చదువుకొన్నదే ఇక్కడ పనిచేయును. చిన్న బల్బు చేతినీడను కఱకుగా గీయును. మూడు నాలుగు అడుగుల పట్టీదీపము నుండి కాంతి అనేక స్థానముల నుండి వచ్చును గనుక ప్రచ్ఛాయ కుంచించుకొనిపోయి, మెత్తని ఉపచ్ఛాయ మాత్రము మిగులును.

ఇంత వెలుతురు అవసరమా, మా అమ్మమ్మ గుడ్డిదీపముతో వండలేదా అని అడుగువారు ఉందురు. అమ్మమ్మ కన్ను సంగతి చూతము. వయస్సు పైబడిన కొలది కంటిపాప చిన్నదగును. లోపలి కటకము పసుపు పచ్చగా మారును. ఇరువది ఏండ్లవాని నేత్రపటలమునకు చేరు వెలుతురులో సుమారు మూడవవంతు మాత్రమే అరువది ఏండ్లవారి నేత్రపటలమునకు చేరును. కొడుకు గుమ్మములో నిలిచి "వెలుతురు బాగానే ఉన్నది గదా అమ్మా" అని చెప్పిన గదిలో తల్లికి బియ్యములోని రాయి కనబడకపోవుటకు కారణమిదే. ఆమె అశ్రద్ధ కాదు. దీపముల ఏర్పాటు నిర్ణయించునప్పుడు ఇంటిలో అందరికంటె పెద్ద కన్నును లెక్కలోనికి తీసికొనవలెను.

పని జరుగు చోటికి దీపమును తీసికొనిపోవుట క్రొత్త ఊహ కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరము కార్మికులకు వేలకొలది ఇండ్లు కట్టించుచున్నప్పుడు, మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అను వాస్తుశిల్పి 1926లో ఒక వంటయింటిని రూపొందించినది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, ఇంతే. కిటికీ ఎదుట పనిబల్ల, కూర్చుండి పనిచేయుటకు తిరుగుడుపీట, ధాన్యములకు అల్యూమినియము సొరుగులు. కప్పునకు బిగించిన పట్టాపై ఇటునటు జరుగు దీపము. పొయ్యి దగ్గర పని ఉన్నప్పుడు అక్కడకు, తొట్టి దగ్గర పని ఉన్నప్పుడు ఇక్కడకు దానిని లాగుకొనవచ్చును. ఇట్టి వంటయిండ్లు సుమారు పదివేలు కట్టిరి. అడుగులను, చేతి కదలికలను లెక్కపెట్టి రూపొందించిన ఆమె, అంతకుముందు తాను వంటయే చేసి ఎరుగనని తరువాత దాచకుండ చెప్పినది! ఒక్కరికే చోటుండుటచేత గృహిణి ఒంటరిదగునను విమర్శయు వచ్చినది. అత్త, కోడలు, సాయమునకు వచ్చిన పిల్ల కలిసి పనిచేయు మన వంటయిండ్లకు ఆ కొలతలు సరిపడవు. జరుగు దీపము మాత్రము ఏ ఇంటికైనను సరిపడును.

పగటి వెలుతురు సంగతి కిటికీ దిక్కుమీద ఆధారపడును. మన ప్రాంతములో వంటయిల్లు ఆగ్నేయమూలలో కట్టి తూర్పుముఖముగ వండుట ఆచారము. ఆచారమును కాదనక్కరలేదు గాని దానివలన వెలుతురుకు కలుగు చిక్కు తెలిసికొనవలెను. ఉదయము టిఫిను చేయు వేళ తూర్పు కిటికీలో ఎండ ఎదురుగా కంటిలో పడును; కంటిపాప ముడుచుకొని చేతిలోని పని నల్లగ కనబడును. సూర్యుడు క్రిందుగా నున్నప్పుడు సజ్జా ఏమియు చేయజాలదు. సగమెత్తు వరకు మసకగాజు వేయించుట దీనికి ఉపాయము. దక్షిణపు కిటికీకి సజ్జా చక్కగా పనిచేయును. హైదరాబాదులో డిసెంబరు చివర మధ్యాహ్న సూర్యుని ఎత్తు 49 డిగ్రీలు. 60 సెంటీమీటర్ల సజ్జా అప్పుడు తన క్రింద 70 సెంటీమీటర్లవరకు నీడ నిచ్చును. మార్చి విషువత్తునాటికి అదే సజ్జా 190 సెంటీమీటర్లకు నీడ నిచ్చును. అనగా చలికాలమున కొంత ఎండను రానిచ్చి, ఎండాకాలమున ఆపును. తూర్పుముఖముగ నిలిచినవారికి దక్షిణపు వెలుతురు కుడిచేతి వైపునుండి వచ్చును గనుక, కుడిచేతి నీడ తరుగు కూరపై పడును. అందుచేత అలమర క్రింది దీపమును తరుగుచోటికి ఎడమప్రక్కకు జరిపి బిగించిన మంచిది.

ఇక దీపము రంగు. నీలికాంతి నిచ్చు డయోడు కనిపెట్టినందులకు అకసాకి, అమనో, నకమూరాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము వచ్చినది. ఇండ్లలోని తెల్లని ఎల్.ఇ.డి. దీపములలో చాలవరకు ఆ నీలికాంతినే పసుపు పచ్చ నిచ్చు పొడి పూతపై పడవేసి తెలుపు చేయుదురు. చౌక దీపములలో ఎరుపు పాలు తక్కువ. అట్టి వెలుతురులో మిరపకారము మట్టిరంగుగను, తాజా మాంసము నిలవదానివలెను కనబడును. పెట్టెపై రంగుల చూపు సూచిక అను అంకె ఉండును. వంటయింటికి 90కి తగ్గనిది దొరకినచో కొంత ఎక్కువ వెల యిచ్చినను నష్టము లేదు.

ఇవన్నియు గోడపలకలు అంటించక ముందే తేల్చుకొనవలసినవి. తరువాత తీగ లాగుటకు పలకలు పగులగొట్టక తప్పదు. గది దీపమునకు ఒక మీట, గట్టు దీపమునకు వేరొక మీట ఉండవలెను. 2000 వాట్ల ఇండక్షను పొయ్యికి 230 వోల్టుల వద్ద 8.7 ఆంపియరుల కరెంటు కావలెను గనుక 6 ఆంపియరుల చిన్న ప్లగ్గు చాలదు. దానికి 16 ఆంపియరులది, ఎర్తు తీగతో సహా, నీళ్ళతొట్టికి దూరముగ పెట్టించవలెను. వంటగ్యాసు గాలికంటె ఒకటిన్నర రెండు రెట్లు బరువైనది. కారినచో పైకి పోక నేలమీద నీటివలె పరచుకొనును. కాబట్టి సిలిండరు పెట్టు అరలో నేలమట్టమున గాలి కంత ఉంచి, మీటలను, ప్లగ్గులను ఆ అరలో గాని దాని దాపున గాని పెట్టకూడదు. వాసన వచ్చినప్పుడు దీపము వెలిగించుటయే కాదు, వెలుగుచున్నదానిని ఆర్పుటయు ప్రమాదమే. మీటలోని చిన్న నిప్పురవ్వ రెండు సందర్భములలోను పుట్టును. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరచి, బయటకు పోయి 1906 నంబరునకు టెలిఫోను చేయవలెను.