ముట్లుడిగిన ఒంట్లో ఫ్లోరైడ్ నీళ్లు

కనిగిరి వైపు నలభై ఐదు దాటిన ఆడవాళ్లలో నడుం పట్టేసిందనీ మోకాళ్లు లాగుతున్నాయనీ అనని వాళ్లు అరుదు. "ముట్లు ఆగిపోయాయి కదా, వయసు" అని ఇంట్లో తేల్చేస్తారు. "మన నీళ్లే అంత" అంటారు పక్కింటివాళ్లు. రెండూ నిజాలే. ఆ రెండింటినీ కలిపి చూడకపోతే మాత్రం వైద్యం దారి తప్పుతుంది.

ఏడాదిపాటు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. పశ్చిమ దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు జరిగితే, మన దేశంలో 46కే జరుగుతోంది. అండాశయాల్లోని అండాలు తరిగిపోయేకొద్దీ ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగానికి ఈ లోటు తెలిసిపోతుంది. కాస్త వేడికే అక్కడి నాడీకణాలు అతిగా స్పందిస్తాయి. ఛాతీ నుంచి ముఖందాకా సెగ కొట్టి, చెమట పట్టి, ఆ వెంటనే చలేస్తుంది. నిద్ర చెడుతుంది. యోని పొడిబారడం, మూత్రంలో మంట లాంటివి చాలామంది సిగ్గుపడి చెప్పుకోరు. చెబితే ఈస్ట్రోజెన్ క్రీముతో తగ్గే బాధలవి.

పైకి కనపడని నష్టం ఎముకలకు. ఏటా చవుడు పోసి బాగుచేసుకునే మట్టిమిద్దెలాగా ఎముక కూడా ఒకపక్క కరుగుతూ, మరోపక్క కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్. అది తగ్గాక మొదటి ఐదారేళ్లలో ఎముక వేగంగా పలచబడుతుంది.

ఇక నీళ్ల సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లో వైద్య పత్రికలో రాసింది నెల్లూరు జిల్లా రోగుల గురించే. కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. రాతిపొరల్లోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలో చేరుతుంది, మోతాదు ఎక్కువైతే కీళ్ల చుట్టూ ఉన్న బంధనాలు గట్టిపడతాయి. ఎముక చిక్కబడుతుంది గానీ బలపడదు, పెళుసవుతుంది.

ఈ తేడా ఎంత ముఖ్యమో అమెరికాలోని మేయో క్లినిక్‌లో తెలిసొచ్చింది. ఫ్లోరైడ్ ఎముకను చిక్కబరుస్తుంది కదా అని, ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన 202 మంది ఆడవాళ్లను తీసుకుని, అందులో కొందరికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ నాలుగేళ్లు ఇచ్చి చూశారు. 1990లో ఫలితాలు వచ్చాయి. వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. వాళ్లకు మందుగా ఇచ్చిన ఫ్లోరైడే, మోతాదు తక్కువైనా, ఇక్కడి వాళ్లకు చిన్నప్పటినుంచీ బిందెలో వస్తోంది.

అందుకే ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో "ఎముక బాగానే ఉంది" అని వస్తే దాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కాన్‌లో దిట్టంగానే కనపడుతుంది. అనుమానం తీరడానికి ఖర్చులేని మూడు పరీక్షలున్నాయి. మోకాళ్లు వంచకుండా నేలమీది రూపాయి బిళ్ల తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? చేతులు చాచి, మోచేతులు మడిచి తల వెనక్కి అందించగలరా? ఇవి చేయలేకపోతే ముంజేతి ఎక్స్‌రే తీయించాలి, మూత్రంలో ఫ్లోరైడ్ చూడాలి. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర సున్నంలా గట్టిపడి కనిపిస్తే అది ఫ్లోరోసిస్ గుర్తు. ముందు చెప్పిన మూడూ ఆశా కార్యకర్త కూడా చేయించగల పరీక్షలు, వాటిని ముట్లుడిగిన ప్రతి ఆడమనిషికీ చేయించాలని నా కోరిక.

వైద్యంలో మొదటి మెట్టు తాగే నీళ్లూ వంట నీళ్లూ మార్చడం. రెండోది కాల్షియం, విటమిన్ డి. భోజనంతోపాటు తీసుకున్న కాల్షియం కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది. పాలు, మజ్జిగ, రాగిసంకటి ఇందుకు పనికొస్తాయి. అలెండ్రోనేట్ వంటి ఎముక మందులు కాల్షియం, విటమిన్ డి లోటు పూడ్చాకే, అదీ డాక్టరు ఫ్లోరోసిస్ సంగతి తెలిసి రాస్తేనే వాడాలి.

సెగలకు అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం రొమ్ము క్యాన్సర్, గుండె ప్రమాదం గురించి చెప్పడంతో ప్రపంచమంతా దానికి భయపడింది. ఆ అధ్యయనంలోని ఆడవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెడితే చాలామంది ఆరోగ్యవంతులకు నష్టం కన్నా మేలే ఎక్కువని ఇప్పుడు వైద్యుల మాట. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు తీసుకోకూడదు. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టిరాన్ తప్పనిసరి. ముట్లుడిగిన ఏడాది తర్వాత చుక్క రక్తం కనపడినా వెంటనే చూపించుకోవాలి.

మనల్ని ఎక్కువగా బాధపెట్టాల్సింది గర్భసంచి తీసేసే ఆపరేషన్. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో మనదే ఎక్కువ. అనవసరపు ఆపరేషన్లు ఆపాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ముప్పై ఐదేళ్ల వయసులో అండాశయాలు కూడా తీసేస్తే అప్పుడే ఎముకలకు ఆసరా పోతుంది. ఉంచినా అవి కొన్నేళ్లు ముందే అలసిపోవచ్చు. ఇక ఆ ఎముకలు ఫ్లోరైడ్ నీళ్లతో మరో పదేళ్లు ఎక్కువ పోరాడాలి. నలభైలోపే అండాశయాలు పోయినవాళ్లకు, అడ్డు చెప్పే జబ్బు లేకపోతే, యాభై వచ్చేదాకా హార్మోన్లు ఇవ్వాలి. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో అండాశయాలు తీశారో ఉంచారో రాసి ఉంటుంది. ఆ కాగితం పోయినవాళ్లు రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష, కడుపు స్కానింగ్ చేయించుకుంటే సంగతి చాలావరకు తేలుతుంది.