చారులో కనిపించని చేప

బ్యాంకు ఉద్యోగికి ఊపిరి పీల్చుకునే నెల ఏప్రిల్. మార్చి 31 క్లోజింగ్ అయిపోయి, ఆడిట్ కూడా గట్టెక్కాక, కిందటేడు నేనూ మా ఆవిడా మూడు వారాలు జపాన్ వెళ్ళొచ్చాం. మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏప్రిల్ చివర్లో అక్కడ వరుసగా సెలవులు వస్తాయి కాబట్టి ఆ రోజులు చూసుకుని బయల్దేరాం. తిరిగొచ్చినప్పటి నుంచి బ్రాంచిలో అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కడ తిండి ఎలా ఉందండీ? మనం తినగలమా?" ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నేను కాకినాడ వైపు పుట్టినవాణ్ణి, చేప లేకపోతే నాకు ముద్ద దిగదు. మా ఆవిడ మాత్రం నీచు ముట్టదు. పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు అది. మా వాడికి ఎనిమిదో ఏట టైఫాయిడ్ ముదిరి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వాడు లేచి తిరిగితే జీవితంలో నీచు తిననని వెంకన్నకు మొక్కుకుంది. వాడు లేచాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ మాట మీదే ఉంది. అందుకే మా పెట్టెలో బట్టలకంటే కందిపొడి, కరివేపాకు పొడి, మాగాయ, చింతపండు ఎక్కువ.

అన్నం అంటే భోజనమే

జపాన్ వాళ్ళు మనలాగే అన్నం మనుషులు. "గోహాన్" అన్న మాటకి వండిన అన్నం అనీ అర్థమే, భోజనం అనీ అర్థమే. మనం "అన్నం తిన్నావా" అని అడిగినట్టే. అన్నం, ఒక చారు, మూడు పక్క వంటకాలు, కొంచెం ఊరగాయ: ఇది వాళ్ళ సంప్రదాయ భోజనం తీరు. ఈ వంట పద్ధతిని 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళ బియ్యం పొట్టి గింజ. వండితే ఒకదానికొకటి అంటుకుంటుంది. అలా అంటుకోబట్టే పుల్లలతో ఎత్తి తినగలుగుతారు. మన సోనామసూరితో ఆ పని చేస్తే గిన్నె ఖాళీ అయ్యేసరికి రాత్రవుతుంది. ఆ పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. పోయినవాళ్ళకి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారట. ఇది వినగానే మా ఆవిడ పుల్లలు పక్కన పెట్టి చెంచా అడిగింది.

అన్నంతో చేసే చిరుతిండి "ఒనిగిరి". మూడు మూలల అన్నం ముద్ద, లోపల ఏదో ఒక నంజుడు, చుట్టూ నోరి అనే సముద్రపు నాచు రేకు. ప్రతి వీధిలో ఉండే చిన్న దుకాణాల్లో దొరుకుతుంది. రైలు ప్రయాణానికి మనకి పులిహోర పొట్లం ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. లోపల "ఉమెబోషి" అనే పండు ఊరగాయ ఉన్నది నాకు బాగా నచ్చింది. ఉప్పు, పులుపు రెండూ మన నిమ్మకాయ ఊరగాయ స్థాయిలో ఉంటాయి, కారం ఉండదంతే.

సుషీ అంటే పచ్చి చేప కాదు

మనలో చాలామంది సుషీ అంటే పచ్చి చేప అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వెనిగర్, ఉప్పు, పంచదార కలిపిన అన్నం ఉంటేనే అది సుషీ. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలు మాత్రమే పెడితే అది "సాషిమి". కీర దోసకాయ ముక్క పెట్టి చుట్టినది "కప్పా మాకి", అదీ సుషీయే. మా ఆవిడకి అది దొరికింది. పక్కన పెట్టే పచ్చటి వాసబి ముద్దతో మాత్రం జాగ్రత్త. దాని ఘాటు నాలుకకి కాదు, నేరుగా ముక్కుకి ఎక్కుతుంది. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఎగిరినట్టే.

సుషీ ప్లేట్లు బెల్టు మీద కస్టమర్ల ముందు నుంచి తిరుగుతూ పోయే హోటళ్ళు ఒసాకా పక్కనే పుట్టాయి. యోషియాకి షిరాయిషి అనే ఆయన బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వెళ్ళడం చూసి, 1958లో తన హోటల్లో ఆ పద్ధతి పెట్టారు. కావలసిన ప్లేటు తీసుకోవడం, చివర్లో ఖాళీ ప్లేట్లు లెక్కపెట్టి బిల్లు కట్టడం. సాయంత్రం క్యాష్ టాలీ చేసే మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, నేను ప్లేట్లు రెండుసార్లు లెక్కపెట్టాను.

వీధి చివర పొంగణాల పెనం

ఒసాకా వీధుల్లో నన్ను నిలబెట్టేసింది "తకోయాకి". గుంతల పెనం మీద పిండి పోసి, పుల్లతో చకచకా తిప్పుతూ గుండ్రంగా కాలుస్తారు. చూడ్డానికి అచ్చం మన గుంతపొంగణాలే. తేడా అంతా లోపల ఉంది: ప్రతి గుండ్రంలోనూ ఒక ఆక్టోపస్ ముక్క. బయట కరకర, లోపల జారుగా, నోరు కాలేంత వేడి. ఇంకొకటి "ఒకొనోమియాకి". సన్నగా తరిగిన క్యాబేజీ, గోధుమపిండి, గుడ్డు కలిపి పెనం మీద మందంగా పోసిన అట్టు. ఇంకా కూరగాయలు పిండిలో ముంచి వేయించే "టెంపురా" ఉంది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ద్వారా వచ్చిన పద్ధతి. మన బజ్జీకి సన్నటి చొక్కా తొడిగినట్టుంటుంది.

నూడుల్స్ కథ మన వృత్తికి దగ్గరది. మోమోఫుకు అండో అనే వ్యాపారి ఒక పరపతి సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ సంఘం దివాలా తీసింది. ఆస్తి అంతా పోయి ఆయనకి ఇల్లు మాత్రం మిగిలింది. ఒసాకా దగ్గర ఇకెడాలో ఆ ఇంటి పెరట్లో చిన్న షెడ్డు వేసుకుని, నూడుల్స్‌ని నూనెలో వేయిస్తే తేమ పోయి నిలవ ఉంటాయని, వేడినీళ్ళు పోస్తే మళ్ళీ మెత్తబడతాయని కనిపెట్టారు. 1958లో అలా మొదటి ఇన్‌స్టంట్ రామెన్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 48. కప్పులో అమ్మే నూడుల్స్ 1971లో వచ్చాయి. ఇవాళ మన పిల్లలు రెండు నిమిషాల్లో చేసుకునే నూడుల్స్‌కి మూలం ఆ పెరటి షెడ్డే.

ఉడోన్ గిన్నె

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటి రోజే అబ్బాయి మమ్మల్ని స్టేషన్ పక్కనున్న చిన్న దుకాణానికి తీసుకెళ్ళాడు. ఉడోన్ అంటే గోధుమపిండితో చేసిన లావుపాటి నూడుల్స్. పల్చటి వేడి చారులో వేసి, పైన తీపిగా ఉడికించిన టోఫు రేకు ఒకటి పెట్టి ఇచ్చారు. మా ఆవిడ అనుమానంగానే మొదలుపెట్టి, గిన్నె ఎత్తి చివరి చుక్క దాకా తాగింది. "మన చారేనండీ. పోపు ఒక్కటే తక్కువ" అంది. తరవాత మూడు రోజులు మధ్యాహ్నం అదే దుకాణం. పరాయి దేశంలో ఆవిడ కడుపునిండా తింటోందని నాకు నిశ్చింతగా ఉంది.

ఆరో రోజు నేనూ అబ్బాయీ కురోమోన్ బజారుకి వెళ్ళాం. ఒక కొట్టులో ఎండిన చెక్క దుంగల్లాంటివి పేర్చి ఉన్నాయి. వాటిని చిత్రిక పట్టినట్టు పల్చగా గీస్తున్నారు. ఏ చెట్టు అని అడిగాను.

"చెట్టు కాదు నాన్నా, చేప. ఉడకబెట్టి, పొగబెట్టి, నెలల తరబడి ఎండబెడతారు. కట్సువోబుషి అంటారు. ఇక్కడ ఏ చారు పెట్టినా ఇదే ఆధారం."

"ఏ చారైనా?"

వాడు తల దించుకున్నాడు. "ఉడోన్ చారు కూడా. చెబితే అమ్మ ఇక్కడున్నన్ని రోజులూ ఏమీ తినదు నాన్నా. ముక్క కనపడదు కదా అని..."

నాకు ఏమనాలో తోచలేదు. వాడి కోసం మొక్కుకున్న మొక్కు అది. వాడూ ప్రేమతోనే దాచాడు. కానీ ముప్పై ఏళ్ళుగా కౌంటర్ దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. చెప్పకుండా కోసుకున్న ఛార్జీ పది రూపాయలే అయినా, కస్టమర్ అడిగేది పది రూపాయల గురించి కాదు, చెప్పకపోవడం గురించి. "నువ్వే చెప్పు" అన్నాను.

ఆ సాయంత్రం చెప్పాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మొక్కు నాది. దాని లెక్క స్వామికీ నాకూ మధ్య. తెలియక తిన్నది ఆయన చూసుకుంటాడు. నాకు తెలియనివ్వకపోవడం మాత్రం తప్పు నాన్నా" అంది. ఆ రాత్రి పెరుగన్నం, మాగాయ తిని పడుకుంది. మర్నాడు పొద్దున్నే, "అయితే చేప లేకుండా ఆ రుచి రాదా?" అని అడిగింది.

వస్తుంది. ఎందుకు వస్తుందో చెప్తాను

జపాన్ చారుకి మూలమైన ఈ కషాయాన్ని "దాషి" అంటారు. మామూలుగా అందులో రెండు ఉంటాయి: కొంబు అనే ఎండు సముద్రపు నాచు, ఈ ఎండు చేప. 1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునాయె ఇకెడా కొంబు నుంచి గ్లుటామేట్ అనే పదార్థాన్ని వేరుచేశారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఇది ఇంకో రుచి అని చెప్పి దానికి "ఉమామి" అని పేరు పెట్టారు. మన షడ్రుచుల్లో కారం, వగరు ఉన్నాయి గానీ దీనికి చోటు లేదు. మరుసటేడే ఆ పదార్థం పొడిగా అమ్మకానికి వచ్చింది. మన ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద కనిపించే అజినమోటో అదే. బాగా పండిన టమాటాలో కూడా అది సహజంగా ఉంటుంది. టమాటా చారుకి ఆ కమ్మదనం రావడానికి అదీ ఒక కారణం.

ఎండు చేపలో ఉన్న ఇనోసినేట్ సంగతి 1913లో బయటపడింది. షిటాకే అనే ఎండు పుట్టగొడుగులో గ్వానిలేట్ ఉందని 1957లో తెలిసింది. కొంబులోని గ్లుటామేట్‌కి ఈ రెండింటిలో ఏది తోడైనా రుచి కలవడం కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే చేప చేసే పనిని పుట్టగొడుగు కూడా చేయగలదు.

జపాన్ బౌద్ధ మఠాల్లో వంట శతాబ్దాలుగా ఇలాగే చేస్తున్నారు. ఆ వంటని "షోజిన్ ర్యోరి" అంటారు. మాంసం, చేప లేవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మేం క్యోటో వెళ్ళి ఆ భోజనం చేశాం. నువ్వులతో చేసిన టోఫు, ఉడికించిన కూరలు, చారు, అన్నం. మా ఆవిడ అక్కడ కూడా అడిగాకే కూర్చుంది.

ఇంటికొచ్చాక తనే దాషి పెట్టింది. పద్ధతి తేలిక. లీటరు చన్నీళ్ళలో సుమారు పది గ్రాముల కొంబు, మూడు నాలుగు ఎండు షిటాకేలు రాత్రంతా నానబెట్టాలి. పొద్దున సన్నసెగ మీద వేడిచేసి, తెర్లకముందే కొంబు తీసేయాలి. తెర్లితే జిగురు, చేదు వస్తాయి. తరవాత సోయా సాస్, కొంచెం ఉప్పు. అక్కడివాళ్ళు మిరిన్ అనే తియ్యటి బియ్యపు మద్యం వేస్తారు. మా ఆవిడ దాని బదులు చెంచాడు పంచదార వేసింది. అబ్బాయి రెండు గిన్నెలు తాగాడు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

శాకాహారులు "మాంసం వద్దు, చేప వద్దు" అంటే సరిపోదు. "చేప దాషి కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. మిసో చారులో, టెంపురా నంజుకునే రసంలో, ఉడికించిన కూరల్లో అది సాధారణంగా ఉంటుంది. టెంపురాని ఉప్పుతో తినొచ్చు. అదే నూనెలో రొయ్యలు వేయిస్తారా అన్నది కూడా అడగాలి. కొన్ని ఉమెబోషి రకాల్లో కూడా చేప కలుపుతారు. ప్యాకెట్ వెనక చదవాల్సిందే.

తీపి వంటకాల్లో భయం తక్కువ. అజుకి అనే చిన్న ఎర్ర గింజల్ని ఉడికించి, పంచదార వేసి "అంకో" చేస్తారు. అది మన పూర్ణమే. పల్చటి బియ్యపు ముద్ద లోపల అంకో పెడితే "దైఫుకు". జిగురన్నం ముద్ద చుట్టూ అంకో పూస్తే "ఒహాగి". మన బూరెలో పూర్ణం లోపల, బియ్యప్పిండి బయట ఉంటాయి. ఇది తిరగేసిన బూరె. రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో పితృదేవతలకి ఒహాగి పెట్టడం అక్కడ ఆచారం అని విన్నాక మా ఆవిడకి ఆ దేశం మీద ఇంకొంచెం అభిమానం కలిగింది.

బయల్దేరే ముందు నా బ్యాంకు డైరీలో "కట్సువో" అన్న మాటని జపాన్ లిపిలో అబ్బాయి చేత రాయించుకుంది. ఆ లిపిలో అది మూడు అక్షరాలు. వాటిని ఇంకో రకంగా కూడా రాస్తారని తెలిసి అదీ రాయించుకుంది. ఇప్పుడు మా వంటింట్లో చింతపండు డబ్బా పక్కన కొంబు డబ్బా ఉంటుంది. అక్కడ అబ్బాయి ఏ కొత్త ప్యాకెట్ కొన్నా వెనక వైపు ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపుతాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, డైరీ పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం పోల్చి చూస్తుంది. మన దగ్గర చెక్కు మీద సంతకం పోల్చినట్టు.