వ్యాయామ విద్య కూడా శాస్త్రమే

చదువుకుంటే నవాబువవుతావు, ఆడుకుంటే చెడిపోతావు అన్న అర్థం గల సామెత మన ఉర్దూ ఇళ్లలో తరతరాలుగా వినబడుతున్నది. దాని ప్రభావం వల్లనే కాబోలు, ఎవరైనా విద్యార్థి వ్యాయామ విద్యను ప్రధానాంశంగా చదువుతానన్నప్పుడు, “డ్రిల్లు మాస్టరు పనికి కూడా డిగ్రీ కావలెనా?” అని పెద్దలు పెదవి విరుస్తారు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకొనుట అవసరమని మేము భావిస్తున్నాము.

మన దేశంలో ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1920లో హారీ క్రో బక్ అను అమెరికన్ మదరాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినాడు. 1957లో గ్వాలియరులో లక్ష్మీబాయి కళాశాల వెలసినది. క్రీడా శిక్షకుల తర్ఫీదు కొరకు 1961లో పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఏర్పడినది.

నేడు మన ప్రాంతంలో ఇంటర్మీడియట్ పిమ్మట డి.పి.ఎడ్., డిగ్రీ పిమ్మట రెండేళ్ల బి.పి.ఎడ్., ఆపైన ఎం.పి.ఎడ్. చదువవచ్చును. మొదటి రెండింటికి పి.ఇ.సెట్ ప్రవేశ పరీక్ష ఉన్నది. అది బల్ల ముందు కూర్చుని వ్రాసేది కాదు. పరుగు, దూకుట, ఇనుపగుండు విసరుట, ఒక ఆటలో నైపుణ్యం అందులో పరీక్షింపబడతాయి.

ప్రవేశించిన తరువాత మాత్రం పుస్తకం తప్పదు. శరీర నిర్మాణం, శరీర ధర్మం, చలన శాస్త్రం, క్రీడా మనస్తత్వం, పోషకాహారం, గాయాల నివారణ మొదలైనవి పాఠ్యాంశాలు. ఒక ఉదాహరణ చూద్దాము. కండరం అలవాటైన దానికంటె కొంచెం ఎక్కువ భారం మోసినప్పుడు అలసిపోతుంది. విశ్రాంతి సమయంలో పూర్వంకంటె బలపడుతుంది. భారం ఒక్కసారిగా పెంచినా, విశ్రాంతి తగ్గించినా గాయమే ఫలితం. చీలమండ బెణికిన వెంటనే గట్టిగా మర్దన చేసి వేడి కాపడం పెట్టుట మన ఇళ్లలో ఆచారం. దానివల్ల వాపు పెరుగుతుంది. కాలికి విశ్రాంతినిచ్చి, చల్లని కట్టు కట్టి, ఎత్తున ఉంచవలెనని శిక్షణ పొందినవాడు ఎరుగును. రంజాన్ మాసంలో ఉపవాసమున్న ఆటగాని కఠిన సాధనను ఇఫ్తార్ తరువాతకు మార్చవలెననీ అతడు ఎరుగును.

హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా పట్టభద్రుడు, బడిపంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. ఆయనను డ్రిల్లు మాస్టరని చులకన చేయగలమా?

ఆడపిల్లలకు ఈ చదువెందుకని కొందరంటారు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ప్రపంచ బాక్సింగ్ విజేత అయినది. మహిళా శిక్షకులు ఉన్నచోట మన తల్లిదండ్రులు తమ కుమార్తెలను నిస్సంకోచంగా మైదానానికి పంపగలరు. అట్టి శిక్షకులు మన విద్యార్థినుల నుండే రావలెను.

ఉద్యోగాలు సులభంగా దొరుకుతాయని మేము చెప్పము. ప్రభుత్వ నియామకాలు ఆలస్యమవుతుంటాయి. ప్రైవేటు పాఠశాలలలో జీతం స్వల్పం. అది తెలిసి, మనసుపడి చేరదలచినవారిని నిరుత్సాహపరచవద్దని పెద్దలకు మనవి. గ్రంథాలయానికి ఇచ్చిన శ్రద్ధలో కొంత మైదానానికీ ఇవ్వవలసినదిగా కళాశాల కమిటీవారిని ప్రార్థిస్తున్నాము.