పుస్తకాల అర ఎంత బరువు మోస్తుంది?

కిందటి వానాకాలంలో ఒక అర్ధరాత్రి మా ఇంట్లో పెద్ద చప్పుడైంది. లేచి చూస్తే ముందుగదిలో గోడకు కొట్టించిన పుస్తకాల అర నేల మీద ఉంది. నాలుగడుగుల పలక, దాని నిండా సర్దిన తెలుగు వాచకాలు, నిఘంటువులు, పిల్లల కథల పుస్తకాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆ అర కిందే చాప. రోజూ సాయంత్రం ఏడెనిమిది మంది పిల్లలు ఆ చాప మీదే కూర్చుని చదువుకుంటారు. పడింది రాత్రి కాబట్టి సరిపోయింది. అదే సాయంత్రం ఐదు గంటలకు పడి ఉంటే? ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నిజానికి ఆ పుస్తకాల్లో చాలావరకు నావి కావు. దగ్గరి ఊళ్లో ఒక తెలుగు బడిలో పిల్లలు తగ్గిపోయి గది ఖాళీ చేస్తుంటే, పాత పుస్తకాలను తూకానికి వేసేయబోయారు. నేను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మన కొరాపుట్, రాయగడ జిల్లాల్లో తెలుగు పుస్తకం పోతే మళ్లీ సంపాదించడం తేలిక కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. ఇప్పుడు మాత్రం పుస్తకం కావాలంటే అరకు మీదుగా కొండలెక్కే రైల్లో విశాఖ నుంచో, పార్వతీపురం నుంచో ఎవరో ఒకరు మోసుకు రావాలి. అలా వచ్చినవాటిని దాచాలన్న ఆత్రంలో అర మోయగలదా లేదా అన్నది చూడలేదు.

కిరాణా కాటాతో లెక్క

మర్నాడు పిల్లలతో కలిసి ఆ పుస్తకాలు తూచాం. వీధి చివరి కిరాణా కొట్టు కాటా అడిగి తెచ్చుకున్నాం. అడుగు పొడవున నిలబెట్టిన మామూలు సైజు కథల పుస్తకాలు 8 కిలోలు తూగాయి. పెద్ద సైజు వాచకాలైతే అడుగుకు 14 కిలోలు. నాలుగడుగుల అర మీద ఉన్నది మొత్తం 46 కిలోలు. అంటే దాదాపు ఒక సిమెంటు బస్తాను నాలుగు మేకులకు వేలాడదీశానన్నమాట.

కాగితం బరువని మనకు తోచదు. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములే. 200 పేజీల పుస్తకంలో అలాంటివి 100 ఉంటాయి, అట్టలు కాకుండానే అర కిలో. రాయగడ పక్కన జేకేపూర్ కాగితం మిల్లు నుంచి బయల్దేరే లారీలను చూసిన పిల్లలకు ఈ సంగతి చెప్పగానే అర్థమైంది.

పొడవు, మందం

చూడటానికి వచ్చిన వడ్రంగి ముందుగా పలకను తిప్పి చూశాడు. 'ఇది మూడు నెలలుగా వంగుతూ ఉండుంటుంది మాస్టారూ, మీరు చూడలేదా?' అన్నాడు. చూశాను. నడుమ వంగిన పలకను రోజూ చూస్తూ, కొత్త పుస్తకాలను ఆ వంపులోనే పెడుతూ వచ్చాను.

పలక వంగడానికి ఒక లెక్క ఉంది. ఒకే మందం ఉన్న రెండు పలకలను పుస్తకాలతో నింపితే, రెండడుగుల పలక కంటే నాలుగడుగుల పలక రెండింతలు కాదు, పదహారింతలు వంగుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. తరగతిలో దీన్ని స్కేలుతో చూపించవచ్చు. స్కేలును రెండు పుస్తకాల మధ్య వంతెనలా పడుకోబెట్టి వేలితో నొక్కితే వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగదు.

అందుకే పలక ముందు అంచు కింద రెండు అంగుళాల బద్దను నిలువుగా కొట్టిస్తే చాలా గట్టిపడుతుంది. ఖర్చూ తక్కువే. అడుగు పొడవుకు అర మిల్లీమీటరు కంటే ఎక్కువ వంగితే వంపు కంటికి తెలుస్తుంది. బరువు నెలల తరబడి ఉంటే వంపు ఇంకా పెరుగుతూ పోతుంది.

ఏ చెక్కకు ఎంత?

దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే పొట్టు అతికిన బోర్డు (పార్టికల్ బోర్డు) టేకుతో పోలిస్తే మూడు నాలుగింతలు ఎక్కువ వంగుతుంది. పైగా తేమ తగిలితే ఉబ్బి, మర మేకు పట్టు వదిలేస్తుంది. మనది సుమారు 900 మీటర్ల ఎత్తున్న పీఠభూమి. వానాకాలం నాలుగు నెలలూ ఇంట్లో తేమే. కాబట్టి ఈ బోర్డు వాడితే రెండడుగులకు మించి ఆధారం లేకుండా వదలకూడదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే రెండున్నర అడుగులు, కింద బద్ద ఉంటే మూడు. అంగుళం మందం టేకు పలక మూడడుగులు నిక్షేపంగా మోస్తుంది.

మా పలక విరగలేదు. ఊడింది మేకులే. పాత గోడ, పైన సున్నం పూత, వాన చెమ్మ. అలాంటి గోడలో మేకు ఎంత లోతుకు దిగినా నమ్మడానికి లేదు. బ్రాకెట్ మీద బరువు ముందుకు జరిగేకొద్దీ పై మేకును గోడలోంచి లాగుతుంది. అందుకే పుస్తకాలను గోడకు ఆనించి పెట్టాలి. గోడ బలహీనమైతే అరను గోడకు వేలాడదీయకుండా, బరువు నేల మీదకు దిగేలా కాళ్లున్న రాక్ చేయించుకోవాలి. పాత ఇళ్లలో మందపాటి గోడలో వదిలిన గూడు ఉంటే అంతకంటే మేలైనది లేదు.

కాళ్లున్న రాక్‌కూ ఒక ప్రమాదం ఉంది. పై అరలోని బొమ్మల పుస్తకం కోసం పిల్లలు దాన్ని నిచ్చెనలా ఎక్కుతారు. బరువైన నిఘంటువులు కింది అరలో ఉండాలి. పిల్లలకు కావలసినవి వాళ్ల చేతికి అందే ఎత్తులో ఉండాలి. రాక్ పైభాగాన్ని ఎల్ ఆకారపు ఇనుప పట్టీతో గోడకు బిగించాలి.

మేడ మీద గదుల్లో ఇంకో జాగ్రత్త. మన దేశ ప్రమాణాల ప్రకారం ఇళ్ల గదుల నేలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు కడతారు. గ్రంథాలయంలో పుస్తకాలు నిలవుంచే గదికైతే అది 600 కిలోలు. ఒకటి రెండు రాక్‌లతో ఇబ్బంది లేదు. వాటిని గోడ వారగా పెట్టండి. బడి పుస్తకాలన్నీ మేడ గది నడుమ గుట్టపోయడం మాత్రం మంచిది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో

ఇప్పుడు ముందుగదిలో రెండున్నర అడుగుల వెడల్పున్న రెండు రాక్‌లు ఉన్నాయి. కాళ్ల కింద ఇటుకలు పెట్టాం, చెమ్మ, చెద తగలకుండా. వెనక గోడకు రెండు వేళ్ల సందు వదిలి పట్టీలతో బిగించాం. నెలకోసారి పిల్లలే ప్రతి పలక కిందా దారం లాగి పట్టి వంపు కొలుస్తారు. ఎవరు కొలిచారో, ఎంత వచ్చిందో నోటుపుస్తకంలో తెలుగులో రాస్తారు. అందులో ఇద్దరు ఆ తూకానికి పోబోయిన బడి పిల్లలే.

ఈ శనివారం మీ బడిలోనూ దారం పట్టి చూడండి. పలక వంగి ఉంటే ముందు పుస్తకాలు దించండి, తర్వాత వడ్రంగిని పిలవండి. వాటి కింద కూర్చునేది మన పిల్లలే కదా.