ఇల్లుంది… ఉండటమే కష్టం

తణుకు పాత వీధుల్లో ఇళ్లు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కింద పెంకుటింటి నాటి పునాది, దాని మీద పిల్లలు పంపిన డబ్బుతో లేపిన మేడ. మేడ మీద ఏసీ గది, గదిలోనే బాత్రూమ్, వేణ్నీళ్లకు గీజరు. సంక్రాంతికి వచ్చే కొడుకూ కోడలూ మనవలూ ఇబ్బంది పడకూడదు కదా! వాళ్లుండేది పది రోజులు. ఏడాది పొడుగునా ఉండే ముసలి దంపతులకు మాత్రం స్నానాలగది ఇంకా పెరట్లోనే. అర్ధరాత్రి లేస్తే వసారా దాటాలి, గడప దాటాలి, రెండు మెట్లు దిగాలి. వానాకాలం ఆ గచ్చు మీద పాచి. ఒక్కసారి కాలు జారి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్లీ మునుపటిలా నడవడం కష్టం.

పెద్దవాళ్లు, ఇల్లు అన్న రెండు మాటలు కలిపితే చాలు, మనకు వృద్ధాశ్రమమే గుర్తొస్తుంది. సినిమాలు అలా అలవాటు చేశాయి. మన వైపు ఆశ్రమానికి వెళ్లాలని కోరుకునే పెద్దలు తక్కువ. ఉన్న ఊళ్లో, ఉన్న ఇంట్లోనే కన్ను మూయాలన్నదే వాళ్ల పట్టుదల. ‘మా దగ్గరికి వచ్చేయండి నాన్నా’ అని కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే, ‘అక్కడేం తోస్తుందమ్మా, ఇక్కడైతే పలకరించేవాళ్లుంటారు’ అని జవాబు. ఇందులో మొండితనం కంటే లెక్కే ఎక్కువ. తెలిసిన డాక్టరు, అప్పిచ్చే కిరాణా కొట్టు, కేకేస్తే పలికే పక్కింటివాళ్లు ఇక్కడే ఉన్నారు.

1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ ఆంధ్రా షుగర్స్ స్థాపించాక తణుకుకు జీతాల కళ వచ్చింది. ఫ్యాక్టరీలో, బడుల్లో, బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు ముప్పయ్యో నలభయ్యో ఏట ఇళ్లు కట్టుకున్నారు. ఎనభయ్యో ఏట మోకాళ్లు ఎలా ఉంటాయో అప్పుడెవరు ఆలోచిస్తారు? పైగా సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతూ పోయింది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్లాలి. గట్టి వాన పడితే నీళ్లు ముందు వాకిట్లోకే వస్తాయి.

జపాన్‌లో 2000 సంవత్సరం నుంచి వృద్ధుల సంరక్షణకు తప్పనిసరి బీమా ఉంది. ఇంట్లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించుకోవాలన్నా, గడప ఎత్తు తీసేయాలన్నా, నేలబారు మరుగుదొడ్డి మార్చి కమోడ్ పెట్టించుకోవాలన్నా 2 లక్షల యెన్‌ల పని వరకు అందులో ఎక్కువ భాగం ఆ బీమాయే భరిస్తుంది. మనకు ఇల్లు కట్టుకోవడానికి పథకాలున్నాయి, కట్టుకున్న ఇంట్లో ముసలితనం గడపడానికి లేవు. 2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవారే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా.

ఇక డబ్బు. ఊరి నడిబొడ్డున స్థలం విలువ లక్షల్లో, కోట్లలో చెబుతారు. నెల తిరిగితే మందుల కొట్టుకు కట్టడానికి మాత్రం చేతిలో ఉండదు. అర్హత ఉన్నవారికి ఎన్టీఆర్ భరోసా పింఛను కింద 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు వస్తోంది. రోజుకు 130 రూపాయల పైచిలుకు. తిండికి సరిపెట్టుకోవచ్చునేమో గానీ మనిషిని పెట్టుకోవడానికి చాలదు. ఇంటిని తాకట్టు పెట్టుకుని బ్యాంకే నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ 2007లోనే వచ్చింది. బతికున్నంత కాలం బాకీ తీర్చక్కర్లేదు, ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. అయినా అటు వెళ్లినవారు చాలా తక్కువ. ఇల్లు బ్యాంకులో పెట్టారని తెలిస్తే పరువు పోతుందని ఒక భయం, పిల్లలేమంటారోనని మరొకటి. దానికి బదులు మన ఊళ్లు ఎప్పుడో వేరే దారి కనిపెట్టాయి. తాము కింద ఉండి, మేడ మీది వాటా అద్దెకివ్వడం. అద్దెతో పాటు ఇంట్లో మనుషుల అలికిడీ ఉంటుంది. పది రోజుల సంక్రాంతి కోసం ఆ గదులకు తాళం వేసి ఉంచడం నా దృష్టిలో దుబారా.

అద్దె ఇంట్లో ముసలివాళ్ల గతి వేరు. వాళ్ల గురించి మనం మాట్లాడుకోం. ఇల్లు చూడటానికి వెళ్తే యజమాని మొదట వయసు చూస్తాడు. ‘ఎవరెవరుంటారండి? పెద్దావిడకు ఒంట్లో బాగానే ఉంటుందా?’ ఆ ప్రశ్నకు అర్థం ఇద్దరికీ తెలుసు. ఇంట్లో చావు జరిగితే దోషమని, ధనిష్ఠా పంచకంలో పోతే నెలల తరబడి ఇల్లు పాడుపెట్టాలని భయం. ఆసుపత్రి నుంచి వచ్చిన శవాన్ని గుమ్మం ఎక్కనివ్వని యజమానుల వార్తలు తెలుగు పత్రికల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. జీవితమంతా అద్దె కట్టినవాడికి చివరి గంటకు చూరు దొరకదు. నాకు తెలిసి ఏ చట్టమూ దీన్ని పట్టించుకోలేదు. వీళ్లలో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు వచ్చినవాళ్లు నయం. అక్కడా పై అంతస్తులో ఇల్లు వస్తే మెట్లెక్కాల్సిందే. వృద్ధులున్న కుటుంబాలకు కింది అంతస్తు ఇవ్వడానికి ప్రాధాన్యం ఉండాలని ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాల్లోనే ఉంది. అడగాలి.

సొంతిల్లున్నవాళ్లు మోసపోయేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. ‘ఎలాగూ వాడిదే కదా’ అని బతికుండగానే ఇల్లు కొడుక్కి దఖలు రాసేస్తారు. ఆ తర్వాత వాళ్లు ఆ ఇంట్లో అతిథులు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఇందుకే ఉంది. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూసుకోకపోతే ఆ దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. కానీ ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరో తీర్పులో చెప్పింది. రెండు తీర్పులనూ కలిపి చదివితే సామాన్యుడికి అర్థమయ్యేది ఒకటే, షరతు కాగితం మీదే ఉంటే గొడవ లేదు.

అందుకే బిడ్డల మీద ఎంత నమ్మకమున్నా బతికుండగా రాసివ్వకండి, వీలునామాతో సరిపెట్టండి. రాయక తప్పదంటే, మీరిద్దరూ యావజ్జీవం ఆ ఇంట్లో ఉండే హక్కు, తిండీ వైద్యం చూసే బాధ్యత దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. దస్తావేజు లేఖరి ‘అవన్నీ ఎందుకండీ’ అంటే ఒప్పుకోకండి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఇబ్బంది పడుతున్నవారు ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఎలాగో తెలియకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. కాల్‌కు డబ్బులు పడవు.